పిల్లవాని ఆలోచనకు కొలబద్ద

వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోట అంతర్వేది ఉన్నది. మాఘ శుద్ధ దశమి రాత్రి శ్రీ లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశి రథోత్సవం చూడవచ్చే యాత్రికులకు ఆ ఊరు పుణ్యక్షేత్రంగా పరిచితమే. ఉత్సవం ముగిసి, అంగళ్ళు ఎత్తివేసి, జనం పంటు మీద నది దాటి నరసాపురం వైపు మరలిపోయిన తరువాత అక్కడ మిగిలేది వేటకు పోయే మత్స్యకారులు, కొబ్బరి తోటలలో కూలి చేసుకునేవారు, వారి పిల్లలు చదువుకునే పాఠశాలలు. ఆ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి పిల్లల ముందుకు ఏటా ఒక పరీక్ష వస్తున్నది. ఆ పరీక్షను గురించి, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని గురించి, ఆ శాస్త్రానికి గల హద్దులను గురించి శ్రోతలతో కొంత ముచ్చటించదలచాము.

జాతీయ ఉపకార వేతన పరీక్ష అని పిల్లలు చెప్పుకునే ఈ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించినది. ప్రతిభ ఉండి, ఆర్థిక స్తోమత లేని పిల్లలు ఎనిమిదవ తరగతితో బడి మానివేయకుండా చూడడమే దీని ఉద్దేశం. దేశం మొత్తానికి సంవత్సరానికి లక్ష వేతనాలు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. ఎన్నికైన విద్యార్థికి తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయలు లభిస్తాయి. నాలుగు సంవత్సరాలకు 48,000 రూపాయలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదివేవారికి, అందులోనూ కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు మించనివారికి మాత్రమే ఇది వర్తిస్తుంది.

నెలకు వెయ్యి రూపాయలు పట్టణవాసులకు స్వల్పంగా తోచవచ్చు. కాని పదమూడేళ్ళ వయస్సులో పిల్లవాడు పడవ మీద తండ్రికి చేదోడు కాగలడు. ఆడపిల్ల ఇంటి పని అందుకుని తల్లిని కూలికి పంపగలదు. బడికి పంపడమంటే ఆ ఆసరాను వదులుకోవడమే. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు సముద్రంలో మరపడవల వేట నిషిద్ధం. సరిగా ఆ నిషేధ కాలం ముగిసే రోజులలోనే బడులు తెరుస్తారు. పుస్తకాల సంచీ, చెప్పులు, సైకిలు మరమ్మతు అన్నీ అప్పుడే అవసరమవుతాయి. అట్టి ఇంటిలో ఈ వేతనం ‘చదివిద్దామా, మానిపిద్దామా’ అనే త్రాసులో ఒక పక్క పడే తూనికరాయి. కావున ఆ పరీక్ష ఏమి కొలుస్తున్నది, ఎంత సరిగా కొలుస్తున్నది అనే ప్రశ్న కేవలం శాస్త్ర చర్చ కాదు.

పరీక్షలో రెండు భాగాలు గలవు. ఒకటి పాఠ్యాంశాల పరీక్ష. గణితం, విజ్ఞాన శాస్త్రం, సాంఘిక శాస్త్రాల నుండి ప్రశ్నలు వస్తాయి. రెండవది మానసిక సామర్థ్య పరీక్ష. దీనికి పాఠ్యపుస్తకం లేదు. 90 ప్రశ్నలు, 90 మార్కులు, 90 నిమిషాలు. అనగా ప్రశ్నకు ఒక్క నిమిషం. ఒక్కొక్క ప్రశ్న కింద నాలుగు జవాబులు ఉంటాయి. సరియైన దానిని గుర్తించాలి. సంఖ్యా శ్రేణులు, సాదృశ్యాలు, భిన్నమైన దానిని వేరు చేయడం, సంకేత భాష, దర్పణ ప్రతిబింబాలు, దాగి ఉన్న ఆకృతులు - ఇట్టివి అందులో ఉంటాయి. రెండు భాగాలలోను కలిపి కనీసం నూటికి 40 మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు 32 చాలును. అయితే కనీసపు మార్కులు వచ్చినంత మాత్రాన వేతనం రాదు. జిల్లాకు కేటాయించిన సంఖ్య మేరకు వరుసలో ముందున్న వారికే వస్తుంది.

ఇట్టి పరీక్షలు మన ప్రాంతానికి కొత్తవి కావు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1963లో ఢిల్లీలో పది వేతనాలతో విజ్ఞాన ప్రతిభాన్వేషణ ప్రారంభించినది. మరుసటి ఏడు దానిని దేశమంతటికీ విస్తరింపజేసి 350 వేతనాలు చేసినారు. 1976లో అది విజ్ఞాన శాస్త్రానికే పరిమితం కాకుండా మారినది. 2021 తరువాత ఆ పరీక్ష నిలిచిపోయినది. ఐదవ తరగతి పిల్లలకు నవోదయ విద్యాలయాల ప్రవేశ పరీక్ష మరొకటి గలదు. పూర్వపు తూర్పు గోదావరి జిల్లాకు ఆ విద్యాలయం పెద్దాపురంలో ఏర్పడినది. ఆ పరీక్షలో నూటికి 50 మార్కులు మానసిక సామర్థ్యానివే. అవి 40 ప్రశ్నలు. అన్నీ బొమ్మలే, చదువవలసిన మాట దాదాపు ఉండదు. ఆ విద్యాలయాలలో కనీసం నూటికి 75 స్థానాలు గ్రామీణ ప్రాంతాల పిల్లలకు ప్రత్యేకింపబడినవి.

ఇక ‘ప్రమాణీకృత పరీక్ష’ అనే మాటకు అర్థం విచారిద్దాము. ఊరి బడిలో మాస్టారు ఇచ్చే పరీక్షకు, దీనికి భేదమేమి? మాస్టారు తాను చెప్పిన పాఠం నుండి తనకు తోచిన ప్రశ్నలు ఇస్తారు, తానే దిద్దుతారు. ఒక బడిలో వచ్చిన 60 మార్కులను మరొక బడిలో వచ్చిన 60తో పోల్చడానికి వీలు లేదు. ప్రమాణీకృత పరీక్షలో ప్రశ్నలు, కాలం, సూచనలు, దిద్దే విధానం అందరికీ ఒకటే. శాస్త్రోక్తంగా చేయదలచినవారు ప్రశ్నలను ముందుగా కొందరు పిల్లలకు ఇచ్చి చూస్తారు. అందరూ చేయగలిగిన ప్రశ్న, ఎవరూ చేయలేని ప్రశ్న రెండూ పనికిరావు. అవి పిల్లల మధ్య భేదాన్ని చూపవు. మొత్తం మీద బాగుగా చేసినవారు తప్పి, చేయనివారు ఒప్పు చేసిన ప్రశ్న ఉంటే దానిలో ఏదో దోషం ఉన్నదని తీసివేస్తారు. ఆ పిదప రెండు పరీక్షలు పెడతారు. అదే పిల్లవానిని కొన్నాళ్ళకు మరల పరీక్షిస్తే ఇంచుమించు అదే ఫలితం రావాలి, ఇది విశ్వసనీయత. కొలవదలచినదే కొలుస్తున్నదా అన్నది సప్రమాణత. మొదటి గుణం సాధించడం సులభం. రెండవది మిక్కిలి కష్టం. కుంచం ఎప్పుడూ ఒకే విధంగా కొలిచినా, దానితో బట్టను కొలవలేము గదా!

ఈ శాస్త్రం పుట్టినది బడి కోసమే. 1904లో ఫ్రాన్సు ప్రభుత్వం, సామాన్య తరగతులలో నెగ్గుకు రాలేని పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేక బోధన ఏర్పరచే విషయమై ఒక సంఘాన్ని నియమించినది. ఆ పనికై ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనేవారు 1905లో 30 ప్రశ్నలతో ఒక మాపనిని తయారుచేసినారు. సులభమైన దానితో మొదలై క్రమంగా కఠినమయ్యే ప్రశ్నలవి. బినే ఉద్దేశం పిల్లవానికి ముద్ర వేయడం కాదు. సహాయం ఎవరికి కావాలో తెలుసుకోవడం. తెలివి పుట్టుకతో వచ్చి అంతటితో ఆగిపోయే పరిమాణమనే మాటను ఆయన గట్టిగా ఖండించినాడు; సాధన చేత శ్రద్ధ, జ్ఞాపకం, విమర్శన శక్తి పెరుగుతాయని నమ్మి, అట్టి సాధన కోసం అభ్యాసాలు కూడ కల్పించినాడు.

ఆ మాపని దేశాలు దాటిన కొలదీ దాని ఉద్దేశం మారినది. 1912లో జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయస్సును వాస్తవ వయస్సుతో భాగించే పద్ధతి చెప్పినాడు. అదే ప్రజ్ఞాలబ్ధికి మూలం. 1916లో అమెరికాలో లూయీ టెర్మన్ బినే మాపనిని సవరించినాడు. మరుసటి సంవత్సరం అమెరికా యుద్ధంలో దిగినది. సుమారు 17 లక్షల మంది సైనికులకు సామూహికంగా తెలివి పరీక్షలు జరిపినారు. చదువు వచ్చినవారికి ఒకటి, రానివారికి బొమ్మలతో మరొకటి. ఆ మొదటి దానిలో ఒక బేస్‌బాల్ ఆటగాని పేరు చెప్పి అతని వృత్తి ఏమని అడిగినారు. ఓడ దిగి ఎన్నాళ్ళో కాని వలస కూలికి ఆ ఆటగాడు ఎవరో ఎట్లు తెలుస్తుంది? తెలియనందుకు అతనికి తెలివి తక్కువని లెక్క కట్టినారు. పరీక్ష చరిత్రలో ఈ పొరపాటు మరల మరల కనిపిస్తుంది: పరిచయాన్ని కొలిచి, ప్రజ్ఞను కొలిచామనుకోవడం.

మన దేశంలో లాహోరులో సి. హెచ్. రైస్ 1922లో బినే మాపనిని హిందుస్తానీలోకి మలచినాడు. తరువాత వి. వి. కామత్ మరాఠీ, కన్నడ భాషలకు అనువుగా దానిని సవరించినాడు. ఇంగ్లండులో 1944 విద్యా చట్టం తరువాత పదకొండేళ్ళ పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామర్ పాఠశాలలకు, తక్కినవారిని వేరు పాఠశాలలకు పంపినారు. పదకొండేళ్ళకే జీవితం రెండు దారులుగా చీలిపోవడం న్యాయం కాదని ప్రజలు ఆందోళన చెందినందున 1960, 1970 దశకాలలో చాల ప్రాంతాలలో దానిని ఎత్తివేసినారు. కొన్ని జిల్లాలలో మాత్రం అది నేటికీ నిలిచి ఉన్నది.

ఇప్పుడు మరల అంతర్వేదికి వద్దాము. మానసిక సామర్థ్య ప్రశ్న ఒకటి తీసుకుందాము. కొబ్బరి, తాడి, ఈత, మామిడి - ఈ నాలుగింటిలో భిన్నమైనది ఏది? జవాబు మామిడి. మిగిలిన మూడూ కొమ్మలు వేయని ఒకే జాతి చెట్లు. ఈ ప్రశ్నను ఒక మాస్టారు కోనసీమ కుర్రవానిని అడిగినట్లు ఊహించుకుందాము.

“ఏరా అబ్బాయీ, ఇందులో ఏది వేరు?”

“ఏదీ వేరు కాదండి మాస్టారూ. కొబ్బరీ మామిడీ మనం వేసుకుంటామండి. తాడీ ఈతా గట్ల మీద వాటంతటవే లేస్తాయండి. రెండుకి రెండండి.”

ఈ కుర్రవాడు ఆలోచించలేదని ఎవరైనా అనగలరా? అతడు వర్గీకరించినాడు, ఆ వర్గీకరణకు కారణం చెప్పినాడు. కాని ప్రశ్నపత్రంలో ఆ జవాబుకు గడి లేదు. అతనికి సున్న. అతనిలో కొరవడినది తర్కం కాదు. ‘చెట్టు ఆకారాన్ని బట్టి విడదీయమని అడుగుతున్నారు, వాడుకను బట్టి కాదు’ అనే ఎరుక. ఆ ఎరుక బడి వాడుక వల్ల వస్తుంది.

ఈ విషయాన్ని సోవియట్ దేశంలో అలెగ్జాండర్ లూరియా 1931, 1932 సంవత్సరాలలో ఉజ్బెకిస్తాన్ పల్లెలలో పరిశీలించినాడు. మంచు కురిసే ఉత్తర దిక్కున ఎలుగుబంట్లన్నీ తెల్లనివని చెప్పి, ఫలానా దీవి ఆ ఉత్తర దిక్కున ఉన్నది, అక్కడి ఎలుగులు ఏ రంగని రైతులను అడిగినారు. చదువురాని రైతులు పలువురు, తాము ఆ చోటు చూడలేదనీ, చూచినవారిని అడగమనీ జవాబిచ్చినారు. చూడనిదానిని గురించి మాట్లాడరాదన్నది సంసారులకు ఉండవలసిన వివేకమే. ఒకటి రెండేళ్ళు బడికి పోయినవారు మాత్రం ‘మీరు చెప్పిన మాటను బట్టి తెల్లనివి’ అని వెంటనే అన్నారు. బడి నేర్పినది తెలివిని కాదు. మాటను మాటగా తీసుకుని, దానినుండే ఫలితం రాబట్టే ఒక ఆటను.

మరొక ఉదాహరణ కోనసీమవారికి దగ్గరది. బ్రెజిల్ దేశంలో రెసీఫె నగరాన వీధులలో సరుకు అమ్మే పిల్లల లెక్కలను ముగ్గురు పరిశోధకులు పరిశీలించి 1985లో ప్రకటించినారు. పన్నెండేళ్ళ కుర్రవాడు కొబ్బరికాయలు అమ్ముతున్నాడు. కాయ 35 క్రుజైరోలు. పది కాయలు ఎంత అని అడిగినారు. మూడు కాయలు 105, ఇంకొక మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి అంటూ లెక్క పెట్టుకుని 350 అని చెప్పినాడు. 35 పక్కన సున్న చేర్చే బడి పద్ధతి అతడు వాడలేదు. తన పద్ధతి తాను కల్పించుకున్నాడు. ఆ పిల్లలు అంగడిలో నూటికి 98 లెక్కలు సరిగా చేసినారు. అట్టి లెక్కలనే కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే సరిగా వచ్చినవి. బుద్ధి అదే, పిల్లలు వారే. మారినది అడిగిన తీరు. 2025లో కలకత్తా, ఢిల్లీ సంతలలో పనిచేసే పిల్లలను పరీక్షించినవారికి కూడ ఇదే కనిపించినది. అంతేకాదు; బడికి మాత్రమే పోయే పిల్లలు కాగితం మీద లెక్కలు చేయగలిగినా సంతలో తడబడినారు. దారి రెండు వైపులా మూసుకునే ఉన్నదన్నమాట.

అంతర్వేది పిల్లవానికి తెలిసిన శ్రేణి ఒకటి చూడండి. సముద్రపు పోటు నిన్న వచ్చిన వేళకు నేడు రాదు. సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పంచాంగపు లెక్కలో ఇది దాదాపు రెండు ఘడియలు. అమావాస్య నాడు పోటు వచ్చే వేళ తెలిసినవాడు తదియ నాటి వేళ, సప్తమి నాటి వేళ చెప్పగలడు. దినానికి రెండు పోట్లు. వాటి నడుమ సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. పక్షం దినాలలో ఆలస్యమంతా కూడితే ఇంచుమించు అదే కాలమవుతుంది. కనుకనే అమావాస్య నాడు పోటు వచ్చిన వేళకే పౌర్ణమి నాడును వస్తుంది. నదీముఖంలో పడవను ఎప్పుడు లోనికి తీసుకురావాలో, ఎప్పుడు ఇసుక మేటలు తేలుతాయో ఈ లెక్క మీదనే ఆధారపడి ఉన్నది. ఇది సంఖ్యా శ్రేణి కాక మరేమిటి? కాని ప్రశ్నపత్రంలో 3, 5, 9, 15, 23 అని వ్రాసి తరువాతి సంఖ్య ఏదని అడిగినప్పుడు, భేదాలు 2, 4, 6, 8 అని గుర్తించి 33 అని చెప్పడానికి ఆ పిల్లవానికి ఎవరో ఒక్కసారి దారి చూపాలి.

ఆడపిల్లల ముగ్గు కూడ అట్టిదే. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క అంటే నడిమి వరుసలో ఏడు, ఇరువైపులా ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37 చుక్కలు. ఒక పక్క గీసిన గీతకు రెండవ పక్క ప్రతిబింబం రావాలి. ఒక్క మెలిక తప్పితే ముగ్గు కలవదు. పది సంవత్సరాల బాలిక దీనిని కాగితం లేకుండ వాకిట వేస్తుంది. నవోదయ పరీక్షలోని ఆకృతి పూరణం, దర్పణ ప్రతిబింబం ఈ విద్యకు దూరమైనవి కావు. అద్దంలో గడియారం 8 గంటల 20 నిమిషాలు చూపితే అసలు కాలం 3 గంటల 40 నిమిషాలు. కుడి ఎడమలు తారుమారైనవి. అదే గడియారం కాలువ నీటిలో కనబడితే మీదిది కిందికి వస్తుంది. కాలువ గట్టున పెరిగిన పిల్లలకు ఈ భేదం మాటలలో చెప్పనక్కరలేదు. గట్టుకు తీసుకుపోయి చూపితే చాలును.

ఇట్లయితే ఈ పరీక్షలు వ్యర్థమా అని శ్రోతలు అడుగవచ్చు. మేము అట్లు అనము. వేలమంది పేద పిల్లలలో కొందరికే వేతనం ఇవ్వగల స్థితిలో ఏదో ఒక కొలబద్ద కావాలి. సిఫారసు ఉత్తరాల కంటె, పలుకుబడి కంటె, ఒకే ప్రశ్నపత్రం మేలు. దానిముందు మోతుబరి కొడుకు, సరంగు కొడుకు అనే భేదం లేదు. పెద్ద ఇంగ్లీషు బడులలో చదివేవారు అసలు ఈ పోటీకి రారు. కొలబద్దను పారవేయడం కాదు. అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకుని వాడుకోవాలి.

మొదటి సంగతి, అభ్యాసం ఫలిస్తుంది. ఇట్టి ప్రశ్నలను ఎన్నడూ చూడని పిల్లవానికి, కొన్ని పత్రాలు చేసి చూచిన పిల్లవానికి మార్కులలో స్పష్టమైన భేదం ఉంటుంది. ఆ లాభం మొదటి కొన్ని పత్రాలలోనే ఎక్కువ. ఆ తరువాత క్రమంగా తగ్గుతుంది. దీని భావమేమనగా, పట్నంలో వేలు పోసి ఏడాది పొడుగునా శిక్షణ పొందనక్కరలేదు. బడిలోనే మాస్టారు వారానికి రెండు గంటల చొప్పున మూడు నాలుగు నెలలు ప్రశ్నల తీరులను పరిచయం చేస్తే, పరిచయం లేకపోవడం వల్ల కలిగే నష్టంలో అధికభాగం తీరిపోతుంది. ఆ రెండు గంటలు దొరకని బడి పిల్లలు పరుగు పందెంలో పది గజాలు వెనుక నిలబడినట్లే.

రెండవ సంగతి, అభ్యాసం ఎట్లుండాలి అన్నది. జవాబులు వల్లె వేయించడం నిష్ప్రయోజనం. మరునాటి ప్రశ్న వేరుగా ఉంటుంది. ‘ఈ జవాబు ఎందుకు ఒప్పు, తక్కిన మూడు ఎందుకు తప్పు’ అని పిల్లల చేతనే చెప్పించాలి. కొబ్బరి, మామిడి అన్న కుర్రవానిని కసరకుండా, “నీ మాట కూడ నిజమేరా, అయితే వీరు మనసులో పెట్టుకున్నది ఏమిటో చూద్దాం” అని అనాలి. అక్షరాల ప్రశ్నలు తరచు ఇంగ్లీషు అక్షరమాల మీద వస్తాయి. అక్షరం దాని స్థాన సంఖ్య చెప్పగలిగేటట్లు ఆ అక్షరమాలను ముందుకు వెనుకకు చదివించాలి. జవాబు పత్రంలో గడిని నింపడం కూడ ఒక విద్యే; వరుస తప్పి నింపితే తెలిసినదంతా గంగపాలు. గడియారం పెట్టి చేయించాలి. ఒక ప్రశ్న రెండు నిమిషాలకు కూడ తెగకపోతే వదలి ముందుకు పోవడం నేర్పాలి. ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువరాదు.

మూడవ సంగతి ఫలితాలు వచ్చిననాటిది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఒక పిల్లవానికి ఇరవై ప్రశ్నలు తెలియవనుకుందాము. నాలుగింటిలో ఒకటి చొప్పున ఊహించి గుర్తిస్తే సగటున ఐదు కలిసివస్తాయి. కాని ఒకనికి రెండు కలిసిరావచ్చు, మరొకనికి ఎనిమిది కలిసిరావచ్చు. అంటే సమాన ప్రజ్ఞగల ఇద్దరి మధ్య కేవలం అదృష్టం చేత ఆరు మార్కుల ఎడం ఏర్పడవచ్చు. జాబితాలో చిట్టచివరి వానికి, జాబితాకు అవతల మొట్టమొదటి వానికి మధ్య భేదం తరచు ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కు 48,000 రూపాయలను వేరు చేస్తుంది. బుద్ధిని వేరు చేయదు. వేతనాలు లెక్కకు మించి లేవు గనుక గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. గీతకు ఆవల ఉన్నవానిని తెలివి తక్కువవాడనడానికి ఆ గీతకు అధికారం లేదు.

ఇంకొక నిదర్శనం చెప్పి ఈ భాగం ముగిస్తాము. జేమ్స్ ఫ్లిన్ అనే ఆచార్యుడు 1984లో అమెరికా దేశపు పాత ఫలితాలను పరిశీలించి, 1932 నుండి 1978 వరకు ప్రజల ప్రజ్ఞాలబ్ధి సుమారు 14 అంకెలు పెరిగినదని చూపినాడు. 1987లో పద్నాలుగు దేశాలలో ఇట్టి పెరుగుదలనే కనుగొన్నాడు. రెండు తరాలలో మానవుని పుట్టుక మారదు. మారినవి బడి, ఆహారం, జీవన విధానం, అలవాటైన ఆలోచనా రీతులు. తాతకు రాని మార్కులు మనుమనికి వచ్చినవంటే తాత మందబుద్ధి అని కాదు. ఆయన కాలంలో ఆ తీరు ప్రశ్న ఆయనను ఎవరూ అడుగలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. దరఖాస్తు గడువు దాటకుండ ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోవాలి. ఖాతాలో పేరు, బడి రికార్డులో పేరు ఒకే విధంగా ఉండాలి. ఏడవ తరగతిలో నూటికి 55, షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు 50 మార్కులు ఉంటేనే పరీక్షకు అర్హత. కావున తయారీ ఏడవ తరగతిలోనే మొదలు కావాలి. ఎన్నికైన తరువాత ఏటా పునరుద్ధరణ చేయించుకోకపోతే వేతనం ఆగిపోతుంది. పరీక్ష నాటి ఉదయం పిల్లవానిని వేటకు తీసుకుపోకండి. కడుపునిండ తినిపించి, ముందుగా బయలుదేరదీయండి. ఇంతే మీరు చేయగలిగినది, చేయవలసినది.

ఎన్నిక కాని పిల్లవాడు ఆ సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఏమంటారన్నది మాత్రం మార్కుల కంటె ఎక్కువ కాలం నిలుస్తుంది. “చదువు మనకు అబ్బదులేరా, రేపటినుంచి పడవెక్కు” అన్న మాట ఒక్కటి చాలును, నాలుగు సంవత్సరాల చదువును తుడిచివేయడానికి. ఉపకార వేతనం రానివారికి పదవ తరగతి ఉన్నది, ఇంటర్మీడియట్ ఉన్నది, పాలిటెక్నిక్ ఉన్నది. వేరు వేతనాలు గలవు. నది సముద్రంలో కలిసే చోట ఒక్క పాయ పూడిపోతే నీరు ఆగిపోదు. పక్కన మరొక దారి కోసుకుంటుంది. అంతర్వేదివారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ దారి కోసుకునేదాక బిడ్డకు తోడు నిలవడం పెద్దల వంతు.